సాంచల మాట

చీపురు ఇనుప పళ్ల మధ్య ఇరుక్కున్న తడి ఆకును పర్శరాములు బొటనవేలితో పీకి కాగితపు సంచీలో వేశాడు. నిన్న సాయంత్రమే వాకిలి మొత్తం ఊడ్చాడు, ఒక్క ఆకు మిగల్చలేదు. తెల్లారి తలుపు తీస్తే మళ్లీ మడమల లోతున ఉన్నాయి. ఎర్రవి, పసుపువి, ఇటుక రంగువి. కెనడాలో అక్టోబరు నెల వచ్చిందంటే చెట్లకు వేరే పనేమీ ఉండదు కాబోలు. ఆయన మాత్రం విసుక్కోలేదు. నలభై ఏళ్లు సిరిసిల్లలో సాంచలు నడిపినవాడికి, అంటే మరమగ్గాలు నడిపినవాడికి, అయిపోయిన పని మళ్లీ మొదలవడం కొత్తా? ఒక బట్ట తాను దించీ దించకముందే ఇంకో తాను ఎక్కేది.

పక్కన మనవరాలు. మూడేళ్లకు ఇంకా రెండు నెలలు తక్కువ. పసుపు రబ్బరు బూట్లు, చేతిలో బొమ్మ చీపురు. తాత పోగేసిన కుప్పను తాత అటు తిరగ్గానే కాలితో చెదరగొట్టడం ఆమె పని. ఆయన వెనక్కి తిరిగి కళ్లు పెద్దవి చేస్తే పొట్ట పట్టుకుని నవ్వేది. ఆ నవ్వు ఆయనకు వినపడదు. కనపడుతుంది, అది చాలు. పిల్లకు తల్లిదండ్రులు వెతికి వెతికి పెట్టుకున్న పేరు వేదాన్షి. ఆ పేరు పర్శరాములు నోట్లో ఏనాడూ నిలబడలేదు. వచ్చిన రెండోరోజే దాన్ని యాదవ్వ చేసేశాడు. తల్లి రోజారాణి మూతి ముడిచింది గానీ పిల్ల మాత్రం ఆ పేరుకే పలుకుతుంది.

మనిషి సన్నం. యాభై తొమ్మిదికే డెబ్బైకి దగ్గరపడ్డట్టుంటాడు. నాలుగు సాంచల మధ్య రోజుకు పన్నెండు గంటలు తిరిగీ తిరిగీ మోకాళ్లు బయటికి వంగాయి. కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి దిగింది. కుడిచేతి చూపుడు వేలికి కొన లేదు, పద్దెనిమిదో ఏట, దారం మోసుకుంటూ పరిగెత్తే నాడె ఎగిరి తగిలి పోయింది. దారపు దుమ్ము మింగిన రొమ్ము చలిగాలికి గురగురమంటుంది. ఒంటిమీద శ్రీహరి పాత కోటు. శ్రీహరి రోజారాణి మొగుడు, వరుసకు ఈయన్ని కాక అంటాడు. ఆ కోటు చేతులు ఎంత పొడుగంటే వేళ్ల కొనలు తప్ప ఏమీ బయటికి రావు.

ఇక చెవులు. అవి ఏ రోజు పోయాయో ఆయనకే తెలియదు. ఏడాదికి ఇంతని తరుగుతూ పోయాయి. పెద్ద తలుపు దబ్బున పడితే వింటాడు, లారీ పోతే వింటాడు. ఆడవాళ్ల గొంతు, పసిపిల్లల గొంతు, పక్షుల గొంతు, ఫోను మోత, ఇవేవీ ఆయన దాకా రావు. సిరిసిల్లలో అదొక లోపమని కూడా ఎవరూ అనుకోలేదు. షెడ్డులో నలభై సాంచలు ఒక్కసారి కొట్టుకుంటుంటే నరాలు తెగేట్టు అరిచినా పక్కవాడికి చేరదు. అందుకే అక్కడ ఎవరూ అరవరు. పెదవులు కదిలిస్తారు, కనుబొమ్మలు ఎగరేస్తారు, అంతే. పోగు తెగింది, కండె అయిపోయింది, షెడ్డు ఆసామి వస్తున్నాడు, మీ పిల్లకు జ్వరం తగ్గిందా, అన్నీ చప్పుడు లేకుండా ఇరవై అడుగుల దూరం నుంచి జరిగిపోతాయి. ఆ మాటకు బడి లేదు, పేరు లేదు. ఎవరైనా అడిగితే సాంచల మాట అంటారు. అదే మనుషులు బయటికొచ్చి టీ కొట్టు దగ్గర కుశలం అడుక్కుంటే మాత్రం, కొట్లాటేమోనని కొత్తవాళ్లు పక్కకు జరగాల్సిందే.

ఇక్కడి ఊరు అట్లాంటిది కాదు. కుక్క కూడా అనుమతి తీసుకుని మొరుగుతుందేమో అనిపించే ఊరు. వచ్చిన మొదటి వారమే రోజారాణి చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది, ఆయన మెడ తిప్పి ఆమె పెదవులు చూసి తెలుసుకున్నాడు.

"మామా, మెల్లగ మాట్లాడు. ఈడ గట్ల ఒర్రొద్దు. పక్కింటోళ్లు పోలీసుల పిలుస్తరు."

మెల్లగ అంటే ఎంతో ఆయనకు తెలిసే దారి ఏది? తన గొంతు తనకే వినపడదు. కాబట్టి గొంతు తీయడమే మానుకున్నాడు, పిల్లతో కూడా పెదవులే. అదే అందరికీ సుఖమైంది.

రోజారాణి ఆయన అక్క లసుమవ్వ కూతురు. బావ బతుకుదెరువుకు భివండి పోయి అటే పోయాడు. అక్క ఏడేళ్ల పిల్లను వెంటబెట్టుకుని తమ్ముడి గదికి వచ్చింది. ఆనాటి నుంచి పర్శరాములు పగటి పాళీతో పాటు రాత్రి పాళీ కూడా ఎక్కాడు. పెళ్లి మాట ఎవరో ఒకరు ఎత్తడం, పిల్ల చదువు కానీయండి చూద్దాం అని ఈయన అనడం, అట్లా చూస్తూ చూస్తూనే జుట్టు నెరిసింది. పిల్ల కరీంనగర్‌లో ఇంజనీరింగు చదివింది, ఉద్యోగం సంపాదించింది, శ్రీహరిని చేసుకుంది, కెనడా చేరింది. అక్క కాలం చేసింది. అప్పుడొక రోజు వీడియోలో రోజారాణి, "ఇంకా ఆడ నీకెవలున్నరు మామా? వచ్చి మాతోనే ఉండు. మనోళ్ల మధ్య ఉంటవ్," అంది. ఆయన గది ఖాళీ చేశాడు. స్టవ్వు, గిన్నెలు, మంచం పక్క సాంచ నడిపే అంజన్నకు ఇచ్చేశాడు. తన నాలుగు సాంచల మీదికి మర్నాడే వేరే మనిషి వచ్చాడు. రెండేళ్లు కావస్తోంది.

మనోళ్ల మధ్య అన్న మాట అబద్ధమేమీ కాదు. పొద్దున ఏడింటికి ఇద్దరూ కంప్యూటర్ల ముందు కూర్చుంటే సాయంత్రం ఆరింటి దాకా పిల్ల ఆయనది. పాలు, స్నానం, అన్నం, నిద్ర, ముక్కు తుడవడం, అన్నీ ఆయనవే. పిల్లను చూసుకునే కేంద్రానికి పంపే అవసరం లేకపోయిందని శ్రీహరి స్నేహితులతో చెప్పుకునేవాడు. పండుగలకు మాత్రం పటాల్లో ఆయన్ని నడిమధ్య నిలబెట్టేవాళ్లు. ఆ పటాలు చూసి అంజన్న దండం పెట్టే బొమ్మలు పంపేవాడు. పర్శరాములు కిస్మత్ తిరిగిందని సిరిసిల్ల అంతా అనుకుంది. ఆయనా అదే అనుకున్నాడు. ఎందుకంటే ఆయనకు యాదవ్వ దొరికింది. ఆ పిల్ల పొద్దస్తమానం ఆయనతో మాట్లాడుతూనే ఉంటుంది. ఉడత వచ్చింది, ఉడత పోయింది, బొమ్మకు కడుపు నొప్పి, తాతా నీ వేలు ఎవరు తిన్నరు. పెదవులు ఆడుతూనే ఉంటాయి. ఇంత వసపిట్టను తన జన్మలో చూడలేదని మురిసిపోయేవాడు పిచ్చి మనిషి.

సంచీ మూతి మడిచి నడుం ఎత్తేసరికి వంటింటి గాజు తలుపు వెనక భార్యాభర్తలు కనిపించారు. రోజారాణి పొయ్యి దగ్గర, శ్రీహరి ఫోను పట్టుకుని ఆమె ఎదురుగా. ఇద్దరూ ఇటే తిరిగి ఉన్నారు. ఈయన ముందు ఏది మాట్లాడినా వినపడదని వాళ్ల ధీమా. చాలా మాటలు ఆయన ఈ గాజులోంచే చదివాడు. కాక కోటు వాసనొస్తోందన్నదీ, కాకకు అన్నం కొంచెం తగ్గించమన్నదీ. చదివి ఊరుకునేవాడు. ఇంటన్నాక లక్ష మాటలుంటాయి.

"మీటింగ్ మంగళారం," అంటున్నాడు శ్రీహరి. "పిల్లను బడిల చేర్పిద్దామని పోయిననాడు టీచర్ ఏమన్నదో యాదుందా? పిల్లకు చెవులు మంచిగున్నయ్, తెలివి మంచిగుంది. మూతి కదిలిస్తది గని గొంతు తీస్తలేదు, ఇంట్ల ఎవరన్న గట్లున్నరా అని అడిగింది."

రోజారాణి ఏదో అంది, తల వంచి ఉండటంతో ఆయనకు అందలేదు.

"ఇంకెవలు? పొద్దంత ఆయనతోనే గద ఉండేది. ఆయనకు ఇనరాదు, ఆమె ఒర్రుడు మానుకున్నది. మంగళారం దాంక చూద్దాం. అప్పటికి మాట్లాడకుంటే కాకకు టికెట్ చేస్త."

రోజారాణి తల ఎత్తింది. "గట్లనే," అంది. పాలు పొంగుతుంటే మంట తగ్గించి మరీ అంది.

పర్శరాములు చీపురు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. టికెట్ అన్న మాట కంటే ముందు ఇంకో మాట ఆయన్ని పట్టుకుంది. గొంతు తీస్తలేదా? ఎవరు, యాదవ్వా? ఆయన గబుక్కున పిల్ల వైపు తిరిగాడు. తాతా, ఆకు మీద పురుగున్నది, అంటోంది పిల్ల. పెదవులు చక్కగా, ఒక్కో అక్షరం ముత్యంలా చెబుతున్నాయి. ఆ పెదవుల వెనక చప్పుడు ఉందా లేదా? దేవుడా, రెండేళ్లుగా ఆయనకు ఆ అనుమానమే రాలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రోజారాణి ఏడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు రోజూ మధ్యాహ్నం సద్ది గిన్నె పట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడేది. అక్కడి నుంచే పెదవులతో అడిగేది, మామా ఇయ్యాల బడిల ఏం చెప్పిన్రో చెప్పాల్నా అని. ఆయన నాలుగో సాంచ దగ్గర్నుంచే చెప్పు అనేవాడు. మోతలో ఒక పూర్తి పాఠం అప్పజెప్పేసేది. ఆ పిల్లే ఇప్పుడు గాజు వెనక నిలబడి ఆయనకు వినపడదనుకుంటోంది. మరిచిపోయిందో, మరిచిపోతేనే నయమనుకుందో ఆమెకే తెలియాలి.

తలుపు తెరుచుకుంది. రోజారాణి నవ్వు ముఖంతో గ్లాసు చూపించి, "మామా, చాయ్! జల్ది తయారుగా, తోటకు పోతున్నం," అని చేతులు ఊపింది. ఆయన కూడా నవ్వాడు.

చాయ్ చల్లారేదాకా తాగలేదు. పిల్లను గరాజు పక్కకు తీసుకుపోయి గొంతుక్కూర్చున్నాడు.

"యాదవ్వా, గట్టిగ అను. తాతా అను. గట్టిగ."

పిల్లకు గట్టిగ అంటే తెలుసు. షెడ్డులో గట్టిగ అంటే నోరు ఇంకా పెద్దగా తెరవడమే కదా, తాత నేర్పిందే. అంగిలి కనపడేటట్టు నోరు తెరిచి తా-తా అంది. గొంతు వచ్చిందో రాలేదో ఆయనకు తెలియలేదు. ఇంకా గట్టిగ అన్నాడు. దవడలు నొప్పి పుట్టేటట్టు తెరిచింది. లోపలి చిన్న నాలుక కూడా కనపడింది. ఆ తెరిచిన నోట్లోకి చూస్తూ ఆయన ఏడుపు ఆపుకున్నాడు.

తోట గంట ప్రయాణం. ఈ దేశంలో ఆకులు రాలే కాలం మనుషులకు పెద్ద సంబరం. దసరా వెళ్లిన వారానికే ఏదో సెలవు వచ్చింది. ఊళ్లన్నీ పిల్లాపాపలతో తోటల మీద పడ్డాయి. ఆపిల్ పండ్లు తెంపుకోవచ్చు, గుమ్మడికాయల మీద కూర్చుని పటాలు దిగవచ్చు, గడ్డి కట్టలు పరిచిన ట్రాక్టరు ఎక్కి తిరగవచ్చు. రోజారాణి అందరికీ ఒకే రంగు స్వెటర్లు కొన్నది. పర్శరాముల్ని గుమ్మడికాయల గుట్ట ముందు నిలబెట్టింది, పిల్లను ఆయన భుజాలమీద కూర్చోబెట్టింది, కోటు విప్పించింది, నవ్వమంది. అయిదు నిమిషాల్లో ఆ పటం సిరిసిల్ల చేరింది. మా మామతో మా ఆకుల పండుగ అని కింద రాసింది. అంజన్న వెంటనే దండం పెట్టాడు.

ట్రాక్టరు కదలగానే పర్శరాముల పాదాల్లోంచి వణుకు పైకి పాకింది. ఒళ్లు ఝల్లుమంది. ఇన్నాళ్లకు తెలిసిన మోత! చెవిలోకి కాదు, ఎముకలోకి. ఆయన అలవాటుగా అరచేయి తీసి పక్కనున్న ఇనుప బద్ద మీద ఆనించాడు. షెడ్డులో చెవులు చచ్చిన ప్రతివాడూ చేసేది అదే. సాంచ సరిగ్గా నడుస్తోందో లేదో చెక్కమీద చెయ్యి పెడితే తెలిసిపోతుంది. ఏ బోల్టు వదులైందో, ఏ పక్క కొట్టుకుంటోందో చెయ్యే చెబుతుంది. ఈ బండికి వెనక కుడి పక్క బోల్టు వదులైంది. ఆయన తనలో తాను నవ్వుకున్నాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు.

చెయ్యి! వెర్రి ముండాకొడుకును, పొద్దున్నుంచి నోట్లోకి చూస్తూ కూర్చున్నాను. చెయ్యి ఉంది కదా.

తోట లోపల చెట్ల వరుసలు నడుం ఎత్తునే పండ్లు వేలాడేసుకుని ఉన్నాయి. రోజారాణీ శ్రీహరీ నూనెలో వేయించిన తీపి గారెల కోసం వరుసలో నిలబడ్డారు. ఆ వరుస ఇప్పట్లో తరిగేది కాదు. యాదవ్వ ఒక చిన్న పండు తెంపి కొరికింది, పుల్లగా ఉన్నట్టుంది, ముఖం చిట్లించి తాత చేతిలో పెట్టింది. ఆయన దాని ఎంగిలి పక్కనే తనకున్న ఒక్క ముందు పన్నుతో కొరికి మిగిలింది జేబులో వేసుకున్నాడు. పిల్ల చెయ్యి పట్టుకుని రెండు వరుసలు దాటి మోకాళ్లమీద కూర్చున్నాడు.

ముందు పిల్ల చేతిని తీసి తన గొంతు మీద పెట్టుకున్నాడు. "యాదవ్వా!" అన్నాడు. పిల్ల ఉలిక్కిపడింది. అరచేతిలో ఏదో గిలిగిలిమంది. మళ్లీ అనమన్నట్టు చూసింది. మళ్లీ అన్నాడు. పిల్ల కిలకిలా నవ్వి తన గొంతు తానే పట్టుకుని చూసుకుంది.

"నీ గొంతుల గుడ గట్లనే చెయ్యి. తాతా అను."

ఆయన తన అరచేయి పిల్ల మెడమీద ఆనించాడు. పెదవులు ఆడాయి, చేతి కింద ఏమీ లేదు. ఆగిపోయిన సాంచ మీద చెయ్యి పెట్టినట్టే ఉంది. ఇంకోసారి. ఏమీ లేదు. మూడోసారి, నాలుగోసారి. చలిగాలికి ఆయన ముక్కు కారుతోంది, తుడుచుకోలేదు. పోనియ్ బిడ్డా, తాత కోసం ఒక్కసారి, అన్నాడు. పిల్ల కనుబొమ్మలు దగ్గరికి చేర్చి ఆలోచించింది.

చేతి కింద సన్నని వణుకు. వచ్చింది, పోయింది. మళ్లీ వచ్చింది. ఆయన నమ్మలేక రెండో చెయ్యి కూడా వేశాడు, రెండు బొటనవేళ్లూ గొంతు ముందు, మిగతా వేళ్లు మెడ వెనక. పిల్లకు ఆట దొరికింది. ఊపిరి నిండా పీల్చి, కళ్లు మూసుకుని, ప్రాణమంతా పెట్టి అరిచింది. అటు చెట్ల అవతల తీపి గారెల దగ్గరున్నవాళ్లు కూడా తల తిప్పేంత గట్టిగా, "తాతా!" అని అరిచింది.

ఆయన చేతుల్లో ఆ మాట మొత్తం కదిలింది. తా అన్నప్పుడు ఒకసారి, మళ్లీ తా అన్నప్పుడు ఇంకోసారి. రెండేళ్లలో ఆ పిల్ల గొంతు ఆయనకు చేరడం అదే మొదలు. కళ్లవెంట నీళ్లు జలజలా రాలాయి. ఇంకోసారి అను, ఇంకోసారి అని పిల్లను చిన్నగా ఊపాడు.

రోజారాణి పరుగున వరుస మలుపు తిరిగింది. ఆమె విన్నది కూతురు కేక, చూసింది మెడ చుట్టూ రెండు చేతులు, ఊగుతున్న తల.

ఎవరు నెట్టారో ఆయనకు తెలియలేదు. వెల్లకిలా పడ్డాడు. లేచేసరికి పిల్ల తల్లి చంకలో ఉంది, బెదిరి ఏడుస్తోంది. చుట్టూ అయిదారుగురు తెల్లవాళ్లు. నీలం టోపీ పెట్టుకున్న ఒకామె ఫోను ఎత్తి పట్టుకుంది. శ్రీహరి చెమటలు కక్కుతూ అందరికీ నవ్వు ముఖం చూపిస్తున్నాడు, చేతులు జోడిస్తున్నాడు.

"మాట్లాడింది! బిడ్డ మాట్లాడింది!" అన్నాడు పర్శరాములు. అది ఎంత పెద్దగా వచ్చిందో ఆయనకు ఏం తెలుసు? నీలం టోపీ ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"ఒర్రకు! మామా, దండం పెడ్త, ఒర్రకు! గొంతు మీద చెయ్యి ఎందుకేసినవ్?"

"గొంతొచ్చిందా లేదా అని చూసిన బిడ్డా. నాకు ఇనరాదు గద. నువ్వు గుడ గిట్లనే మాట్లాడుతుంటివి, సద్ది తెచ్చినప్పుడు. గుమ్మంల నిలవడి... నీకేమన్న అయిందా? మంచిగనే మాట్లాడినవ్ గద."

రోజారాణి ముఖం ఒక్క క్షణం ఆగింది. ఆ ముఖాన్ని ఆయన ఏడేళ్లప్పటి నుంచీ చదువుతున్నాడు. గుర్తొచ్చింది. షెడ్డు గుమ్మం, గిన్నె, మోత, అన్నీ ఆమెకు గుర్తొచ్చాయి. ఆయన కళ్లారా చూశాడు. అప్పుడామె ముఖం పక్కకు తిప్పుకుని మొగుడితో పోదాం పద అంది.

కారులో ఆయన వెనక సీట్లో ఈ పక్క, పిల్ల తన కుర్చీలో ఆ పక్క. ముందున్న అద్దంలో శ్రీహరి మూతి పూర్తిగా కనపడుతోంది.

"ఇయ్యాలనే పంపాలె. ఆ టోపీ ఆమె వీడియో తీసింది. ఎవరికన్న పంపితే సర్కారోళ్లు మన పిల్లను మన ఇంట్ల ఉంచరు, ఎరుకేనా? ఇన్నవ్ గద పిల్ల ఎట్ల అరిచిందో. భయానికి గొంతొచ్చింది. ఇన్ని రోజులు ఆ మనిషి ముందట గొంతు తీయనీకే భయపడ్డది."

రోజారాణి కిటికీలోంచి బయటికి చూస్తోంది. పిల్ల భయపడలేదని ఆమెకు తెలుసు. తల్లి కదా, భయపడ్డ కేకకూ ఆడుకునే కేకకూ తేడా తెలియకపోతుందా? చివరికి మొగుడి వైపు తిరిగింది.

"ఆడ గది గుడ లేదు మామకు."

"కరీంనగర్ల మన అపార్ట్‌మెంట్ కాడ వాచ్‌మన్ పోయిండన్నరు. మెట్ల కింద రూం ఖాళీ ఉన్నది. ఆడ ఉండుమను."

"ఇనరాదు గద ఆయనకు."

"గేటు తీసుడుకు చెవులెందుకు? సాయంత్రం ఫ్లైటుంది, చెయ్యాల్నా?"

"చెయ్యి," అంది రోజారాణి.

పర్శరాములు అద్దంలోంచి చూపు తీసుకున్నాడు. పిల్ల చెయ్యి చాచి ఆయన చిటికెన వేలు పట్టుకుంది. ఆయన ఇంకే మాటా చదవదలచుకోలేదు. కిటికీ అవతల చెట్లు ఎర్రగా పోతున్నాయి.

మూడు గంటలకల్లా రోజారాణి పెట్టె సర్దేసింది. రెండు కొత్త చొక్కాలు, మూడు నెలల బీపీ గోలీలు, అంజన్న వాళ్లకని చాక్లెట్లు. ఆయన్ని మంచంమీద కూర్చోబెట్టి చెవి దగ్గర నోరు పెట్టింది, ఆయన మళ్లీ ముఖం తిప్పి ఆ పెదవులే చూశాడు.

"మామా, నీ వీసా జర పరేషానుంది. ఇయ్యాల పోవాలె. ఏం ఫికర్ చెయ్యకు, కరీంనగర్ల మంచి రూం చూసినం. మల్ల పిలుస్తం నిన్ను."

"మంచిది బిడ్డా," అన్నాడు ఆయన, చేతనైనంత మెల్లగా. "ఎప్పుడు పిలిస్తె గప్పుడొస్త."

ఆమె అబద్ధం ఆమెకు తేలికగా సాగిపోయేటట్టు చూడటం కూడా ఆయన చేసి పెట్టాల్సిన పనుల్లో ఒకటైంది. ఎన్ని చేయలేదు ఆ పిల్లకు? ఇది కూడా చేశాడు. రోజారాణి లేచి పెట్టె తాళం వేసింది.

విమానాశ్రయం దగ్గర ఆయన జేబులు తడుముకుంటుంటే ఆపిల్ పండు బయటపడింది. రోజారాణి చెయ్యి చాపింది. "విమానంల తీస్కపోనియ్యరు మామా, ఇయ్యి," అని తీసుకుని కారులో పెట్టింది. వినపడని మనిషి, భాష రాని మనిషి అని రాయించడంతో చక్రాల కుర్చీ వచ్చింది. నడవగలిగిన మనిషిని అందులో కూర్చోబెట్టారు. మెడలో ఒక కాగితం వేలాడేశారు. శ్రీహరి వంగి కాళ్లకు దండం పెట్టాడు. ఆచారం ఆచారమే మరి.

కుర్చీ గాజు గోడ దాటింది. పర్శరాములు మెడ తిప్పి చూశాడు. అవతల రోజారాణి చంకలో పిల్ల. పిల్ల పెదవులు ఆడాయి.

తాతా, యాడికి?

ఆయన పెదవులూ ఆడాయి. దుకాణానికి బిడ్డా. ఉడతకు పల్లీలు తెస్త.

నాకో?

నీకు గుడ.

జల్ది రా.

రోజారాణి అటూ ఇటూ చూసింది, పిల్ల మూతినీ, గాజు ఇవతల ఆయన మూతినీ. ఆ మాటలన్నీ ఆమెకు చక్కగా అర్థమయ్యాయి, ఒక్కటీ తప్పిపోలేదు. ఆమె పిల్ల తల వెనక చెయ్యి వేసి, ఆ ముఖాన్ని తన భుజంలోకి ఒత్తుకుని గట్టిగా పట్టుకుంది. కుర్చీ తోసే మనిషి మలుపు తిప్పాడు. పర్శరాములు ఇంకో రెండు మాటలు అన్నాడు గానీ అప్పటికే ఆయన ఎదురుగా ఉన్నది సున్నం గోడ.

తిరిగొచ్చేటప్పుడు కారులో పిల్ల పక్కనున్న ఖాళీ సీటు వైపు తిరిగి ఏదో చెబుతూనే ఉంది. చప్పుడు లేదు. శ్రీహరి పాటలు పెట్టాడు. మంగళవారం దాకా ఆగుదామని రోజారాణి అంది. ఇంటికి చేరాక ముగ్గురూ లోపలికి పోయారు, తలుపు వేసుకున్నారు.

కారులో గేరు పక్కన, గ్లాసు పెట్టుకునే గుంటలో ఆ పండు ఉంది. ఒక వైపు వరుసగా చిన్న చిన్న పంటి గాట్లు, వాటిని ఆనుకుని ఒకే ఒక్క పెద్ద పన్ను గాటు, రెండూ కలిసి గోధుమ రంగుకు తిరిగాయి.